పిలవని జార్లు: బిల్డ్‌లో ట్రాన్సిటివ్ డిపెండెన్సీల లెక్క

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ వెంట ఏ ఐటీ ఆఫీసులోనైనా, శుక్రవారం సాయంత్రం తెలుగు టీముల్లో తరచూ వినపడే మాట ఇది: "అన్నా, బిల్డ్ గ్రీనే, టెస్టులన్నీ పాసయ్యాయి. సర్వర్ మీద మాత్రం సర్వీస్ లేవట్లేదు." లాగ్ తెరిస్తే నోసచ్‌మెథడ్‌ఎర్రర్, అంటే పిలిచిన మెథడ్ దొరకలేదన్న జావా ఎర్రర్. అందులో కనపడే క్లాసు మన కోడ్‌లోది కాదు. ఆ క్లాసున్న లైబ్రరీ పేరు, ప్రాజెక్టుకి కావలసిన లైబ్రరీలు (డిపెండెన్సీలు) రాసే పామ్ ఫైల్ అంతా వెతికినా దొరకదు. రాత్రి బస్సుకి మారతహళ్లి చేరాల్సినవాళ్లు మళ్లీ లాప్‌టాప్ తెరిచి, తోచిన చోట ఒక ఎక్స్‌క్లూజన్, అంటే ఫలానా లైబ్రరీని తేవద్దన్న లైను, పెడతారు. సర్వీస్ లేస్తుంది. మూడు నెలలు తిరిగేసరికి అదే ఎర్రర్ ఇంకో క్లాసు పేరుతో మళ్లీ వస్తుంది.

ఏ వెర్షన్ వాడాలో టీము తేల్చుకోలేదు కాబట్టి బిల్డ్ టూల్ తేల్చింది. అది ఏ నియమంతో తేల్చిందో తెలియకుండా చేసే ప్రతి మార్పూ చీకట్లో రాయి విసరడమే. ఆ నియమాన్ని అర్థం చేసుకుని, వెర్షన్ నిర్ణయాన్ని ఒక్క చోటికి తెచ్చుకుంటే ఈ తలనొప్పిలో చాలా భాగం పోతుంది.

పెళ్లికి ఒకరిని పిలిస్తే వాళ్ల ఇంటిల్లిపాదీ, వాళ్ల వెంట వియ్యాలవారూ దిగుతారు. ట్రాన్సిటివ్ డిపెండెన్సీల వరస కూడా ఇంతే. మనం రాసిన లైబ్రరీకి కావలసిన లైబ్రరీలు, వాటికి కావలసినవి, అలా గొలుసు సాగుతుంది. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్ వెబ్ స్టార్టర్ ఒక్కటి రాస్తేనే సుమారు 30 జార్లు (లైబ్రరీల ప్యాకేజీ ఫైళ్లు) దిగుతాయి. 2005లో మేవెన్ అనే బిల్డ్ టూల్ రెండో వెర్షన్, మేవెన్ 2, రాకముందు ఈ పనంతా చేత్తోనే జరిగేది. లిబ్ ఫోల్డర్‌లో జార్లు తెచ్చి పడేసేవాళ్లు, ఏది తగ్గినా రన్ చేశాకే తెలిసేది. మేవెన్ 2 ఆ గొలుసును తానే చదివి దించడం మొదలుపెట్టింది. శ్రమ తగ్గింది, దాంతోపాటు ఏం దిగుతోందో చూసే అలవాటూ తగ్గింది.

టూల్ ఎలా ఎంచుతుంది

జావా క్లాస్‌పాత్‌లో, అంటే ప్రోగ్రామ్ తన క్లాసులు వెతికే జార్ల జాబితాలో, ఒక లైబ్రరీకి ఒక్క వెర్షనే ఉండాలి. గొలుసులో రెండు చోట్ల రెండు వెర్షన్లు అడిగితే ఒకటి పోవాలి. ఏది పోతుందన్న దగ్గరే మేవెన్‌కీ, ఇంకో బిల్డ్ టూల్ గ్రేడిల్‌కీ దారులు వేరవుతాయి.

మేవెన్ దూరం చూస్తుంది. మన ప్రాజెక్టు నుంచి ఎన్ని అంచెల్లో ఆ లైబ్రరీ తగిలిందో లెక్కపెట్టి, దగ్గరున్నదాన్ని ఉంచుతుంది. వెర్షన్ కొత్తదా పాతదా అన్నది దానికి పట్టదు. ఒక ఆర్డర్ సర్వీస్ ఉందనుకుందాం. అది పేమెంట్ క్లయింట్‌ని వాడుతుంది, పేమెంట్ క్లయింట్ ఒక కామన్ యుటిలిటీ లైబ్రరీని వాడుతుంది, ఆ యుటిలిటీ గూగుల్ వాళ్ల జావా లైబ్రరీ గువావా 27ని అడుగుతుంది. ఇది 3 అంచెల దూరం. అదే సర్వీస్ వాడే రిపోర్ట్ లైబ్రరీ నేరుగా గువావా 19ని అడుగుతుంది. ఇది 2 అంచెలు. మేవెన్ 19ని ఉంచి 27ని వదిలేస్తుంది, మామూలు బిల్డ్ అవుట్‌పుట్‌లో దీని గురించి ఒక్క హెచ్చరిక కూడా ఉండదు.

దూరం సమానమైతే పామ్‌లో ముందు రాసిన డిపెండెన్సీదే పైచేయి. అంటే పామ్‌లో వరసలు పైకీ కిందికీ జరిపినా రన్‌టైమ్‌లో వెర్షన్ మారవచ్చు. "ఫైల్ చిందరవందరగా ఉంది, అక్షరక్రమంలో సర్దుదాం" అని ఒకరు పంపిన మార్పును రివ్యూలో నిర్భయంగా ఆమోదించేస్తారు. కోడ్ మారలేదు కదా అనుకుంటారు గానీ, క్లాస్‌పాత్ మారి ఉండవచ్చు.

గ్రేడిల్ దూరం పట్టించుకోదు, అడిగినవాటిలో పెద్ద వెర్షన్ తీసుకుంటుంది. పై ఉదాహరణలో 27 వస్తుంది. చాలాసార్లు ఇదే మేలైన ఎంపిక, ఎందుకంటే లైబ్రరీలు సాధారణంగా పాత మెథడ్లను ఉంచుకుంటూ కొత్తవి చేరుస్తాయి. సాధారణంగా అన్నమాటే, ఎప్పుడూ అని కాదు. మేవెన్ ప్రాజెక్టును గ్రేడిల్‌కి మార్చినప్పుడు డిపెండెన్సీలు అక్షరం పొల్లుపోకుండా అవే రాసినా క్లాస్‌పాత్ అదే రాదు. మార్పుకు ముందూ తర్వాతా జార్ల జాబితాలు రెండూ తీసి పోల్చకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

మిగతా టూల్స్ సంగతి క్లుప్తంగా. జావాస్క్రిప్ట్ వాళ్ల ఎన్‌పీఎం ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లను పక్కపక్కనే ఉంచగలదు, కాబట్టి అక్కడ గొడవ వేరే రకం: డిస్క్ పెరగడం, ప్యాకేజ్ ఫైల్‌లో రాయనిదాన్ని కూడా కోడ్ వాడేసుకోగలగడం. రస్ట్ వాళ్ల కార్గో కూడా మేజర్ వెర్షన్లు వేరైతే రెండింటినీ ఉండనిస్తుంది. గో మాడ్యూల్స్‌లో ప్రతివాళ్లూ "కనీసం ఇంత" అని చెబుతారు, ఆ కనీసాల్లో పెద్దది తీసుకుంటారు. అంతకన్నా కొత్తది బయట విడుదలైనా దాని జోలికి పోరు. నిన్నటి బిల్డ్, రేపటి బిల్డ్ ఒకేలా రావాలంటే ఇంత శుభ్రమైన నియమం ఇంకోటి లేదు.

కంపైల్ అయినది రన్ ఎందుకు కాదు

గువావా ఉదాహరణనే లోపలిదాకా చూడటం మంచిది, ఎందుకంటే ఇది ఊహించి చెప్పింది కాదు. బిగ్ డేటా టూల్స్ అయిన హైవ్ 3.1.2ని హడూప్ 3.2.1తో కలిపి పెట్టినవాళ్లకి ఇదే ఎర్రర్ ఎదురైంది. హైవ్‌తో వచ్చేది గువావా 19, హడూప్‌తో వచ్చేది 27.

గువావాలో ప్రీకండిషన్స్ అనే క్లాసు, అందులో చెక్‌ఆర్గ్యుమెంట్ అనే మెథడ్ ఉన్నాయి. 19 వరకు ఆ మెథడ్ షరతు, సందేశం, ఆపైన ఎన్నైనా విలువలు తీసుకునేది. ఆ విలువలన్నీ ఒక అరేగా వెళ్లేవి. ప్రతి పిలుపుకీ అరే తయారుచేయడం దండగని 20వ వెర్షన్‌లో ఒక విలువకి ఒకటి, రెండు విలువలకి ఒకటి అంటూ విడివిడి మెథడ్లు చేర్చారు. కోడ్ రాసేవాళ్లకి తేడా కనపడదు, పిలిచే లైను అదే. కానీ 27తో కంపైల్ చేస్తే కంపైలర్ ఆ కొత్త, సరిగ్గా సరిపోయే మెథడ్‌ని ఎంచి, దాని పూర్తి సంతకాన్ని (పేరు, తీసుకునే, తిరిగిచ్చే విలువల రకాలు) క్లాస్ ఫైల్‌లో రాసేస్తుంది. రన్‌టైమ్‌లో జేవీఎం, అంటే జావా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్, ఆ సంతకాన్ని ఉన్నది ఉన్నట్టు వెతుకుతుంది. దగ్గరగా ఉన్న ఇంకో మెథడ్‌తో సరిపెట్టుకోదు. క్లాస్‌పాత్‌లో 19 ఉంటే అది దొరకదు, నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తుంది.

ఇక్కడ మన కోడ్ కంపైల్ కావడానికీ దీనికీ సంబంధం లేదు. యుటిలిటీ లైబ్రరీ ఎప్పుడో, ఇంకెక్కడో 27తో కంపైలై జార్‌గా వచ్చింది. మన బిల్డ్ ఆ జార్‌ని మళ్లీ కంపైల్ చెయ్యదు. కాబట్టి బిల్డ్ గ్రీన్ అవడం మన కోడ్ గురించి మాత్రమే హామీ ఇస్తుంది, గొలుసులో మిగతా జార్లు ఒకదానికొకటి సరిపడతాయన్న హామీ ఇవ్వదు. టెస్టు ఆ మెథడ్ దాకా వెళ్తేనే బయటపడుతుంది.

మరి పెద్ద వెర్షన్ తీసుకుంటే సరిపోతుందా? గువావా 21లో ఆబ్జెక్ట్స్ క్లాసులోని టుస్ట్రింగ్‌హెల్పర్, ఫస్ట్‌నాన్‌నల్ మెథడ్లను తీసేశారు, వాటి పని అప్పటికే మోర్‌ఆబ్జెక్ట్స్ అనే క్లాసుకి చేరింది. 18తో కంపైలైన పాత లైబ్రరీ వాటిని పిలుస్తుంటే, గ్రేడిల్ ఎంచిన 27తో అదీ పడిపోతుంది. గువావా వరకు ఊరట ఏమిటంటే, బీటా గుర్తు లేని ఏపీఐలను తీసేసిన చివరి విడుదల ఆ 21నే. దాని తర్వాత నుంచి పైకి వెళ్లడం భద్రం, కిందికి రావడం ప్రమాదం. ఏ లైబ్రరీకైనా ఇలాంటి హద్దు ఎక్కడుందో ఒకసారి విడుదల వివరాల్లో చూసి రాసిపెట్టుకుంటే వెర్షన్ తేల్చడం సులువవుతుంది.

టెస్టులు పాసై సర్వర్ మీద మాత్రమే పడిపోవడానికి మేవెన్‌లో ఇంకో కారణం ఉంది, చాలామంది దీన్ని అనుమానించరు. ఒక లైబ్రరీ గొలుసులో ఎక్కడి నుంచో కంపైల్ స్కోప్‌తో (స్కోప్ అంటే ఆ లైబ్రరీని ఏ దశల్లో వాడాలన్న గుర్తు) వస్తోంది. టెస్టుల్లో అవసరమని ఎవరో దాన్నే పామ్‌లో నేరుగా టెస్ట్ స్కోప్‌తో రాస్తారు. నేరుగా రాసినదే దగ్గరిది కాబట్టి మేవెన్ దాని స్కోప్‌నే ఖాయం చేస్తుంది. టెస్టులు నడిచేటప్పుడు జార్ ఉంటుంది, ప్యాకేజీలో ఉండదు. సర్వర్ మీద క్లాసే దొరకలేదన్న నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్. ఆ స్కోప్ లైను తీసేస్తే సరిపోతుంది, కానీ ఆ లైను కోసం వెతకాలని తోచడానికే సగం రోజు పడుతుంది.

గ్రేడిల్‌లో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. అక్కడ కంపైల్ క్లాస్‌పాత్, రన్‌టైమ్ క్లాస్‌పాత్ వేరువేరుగా తేలతాయి. ఒకదానిలో కనపడని లైబ్రరీ ఇంకోదానిలో పెద్ద వెర్షన్‌ని లాగితే, ఒక వెర్షన్‌తో కంపైల్ చేసి ఇంకో వెర్షన్‌తో నడుపుతున్నట్టు లెక్క. రెండూ కలిపి తేల్చమని చెప్పే కన్సిస్టెంట్ రిజల్యూషన్ సదుపాయం 6.8 నుంచి ఉంది. కొత్త ప్రాజెక్టుల్లో మొదటిరోజే పెట్టుకోవడం మంచిది.

ఎర్రర్ వచ్చినప్పుడు వెతికే వరస

మొదట ఎర్రర్‌ని పూర్తిగా చదవాలి. క్లాసు పేరు, మెథడ్ పేరు, వాటి తర్వాత సంతకం ఉంటాయి. సంతకంలో జెడ్ అక్షరం బూలియన్‌కీ, చివరి వీ అక్షరం వాయిడ్‌కీ గుర్తులు. ఆ సంతకమున్న మెథడ్ లైబ్రరీ ఏ వెర్షన్‌లో చేరిందో డాక్యుమెంటేషన్‌లో చూస్తే కనీసం ఎంత వెర్షన్ కావాలో తెలుస్తుంది.

తర్వాత ఆ క్లాసు నిజంగా ఏ జార్ నుంచి లోడవుతోందో చూడాలి. జావా 9 నుంచి ఎక్స్‌లాగ్ ఆప్షన్‌లో క్లాస్ లోడ్ అని ఇస్తే ప్రతి క్లాసు పక్కనా దాని జార్ దారి పడుతుంది. పాత జావా 8లో వెర్బోస్ క్లాస్ ఆప్షన్ ఉంది. ఈ మెట్టు దాటేసి నేరుగా ట్రీ (బిల్డ్ టూల్ చూపించే డిపెండెన్సీల గొలుసు) చూడటానికి పోయేవాళ్లే ఎక్కువ. ట్రీ చెప్పేది బిల్డ్ ఏం చెయ్యాలనుకుందో మాత్రమే. సర్వర్‌లో టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన జార్ ట్రీలో కనపడదు.

ఆ తర్వాతే ట్రీ. మేవెన్‌లో డిపెండెన్సీ ప్లగిన్ ట్రీ గోల్‌ని వెర్బోస్‌తో, ఇన్‌క్లూడ్స్‌లో ఆ లైబ్రరీ పేరు ఇచ్చి నడపాలి. వెర్బోస్ లేకపోతే ఓడిపోయిన వెర్షన్లు కనపడవు, కనపడకపోతే గొడవ ఎక్కడుందో తెలియదు. గ్రేడిల్‌లో డిపెండెన్సీ ఇన్‌సైట్ టాస్క్‌కి లైబ్రరీ పేరు, కాన్ఫిగరేషన్ పేరు ఇవ్వాలి. కాన్ఫిగరేషన్‌గా రన్‌టైమ్ క్లాస్‌పాత్ ఇవ్వడం మరిచిపోవద్దు, ఎర్రర్ వచ్చింది రన్‌టైమ్‌లోనే కదా. 19 నుంచి 27కి బాణం గుర్తు వేసి, ఎవరు అడిగితే ఎందుకు మారిందో అక్కడే రాస్తుంది.

చివరగా, తయారైన జార్‌ని తెరిచి చూడాలి. స్ప్రింగ్ బూట్ జార్ అయితే లోపల బూట్-ఇన్ఫ్, అందులో లిబ్ ఫోల్డర్. సర్వర్‌కి వెళ్లేది అదే కాబట్టి ఏ వాదనకైనా అదే ఆధారం.

సరిచేసే వరస

అన్నిటికన్నా మంచి మందు, పాత వెర్షన్‌ని లాగుతున్న లైబ్రరీనే పైకి తేవడం. రిపోర్ట్ లైబ్రరీ కొత్త విడుదల గువావా 27తో కంపైలై ఉంటే అది తెచ్చుకుంటే చాలు, ఇంకేం రాయక్కర్లేదు. కొత్త విడుదల లేకపోతేనే మిగతావి.

రెండోది, వెర్షన్‌ని ఒక్క చోట కట్టెయ్యడం. మేవెన్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ విభాగం ఇందుకే ఉంది. అందులో రాసినంత మాత్రాన జార్ దిగదు. గొలుసులో అది ఎక్కడ తగిలినా, ఎంత లోతులో ఉన్నా ఈ వెర్షనే వాడమని చెబుతుంది. దూరం లెక్క దాని ముందు చెల్లదు. గ్రేడిల్‌లో ఇదే పనికి కన్‌స్ట్రెయింట్స్ ఉన్నాయి. వాటిలో బికాజ్ అని కారణం రాసే వీలుంది. ఆ కారణం తర్వాత ఇన్‌సైట్ అవుట్‌పుట్‌లో కూడా కనపడుతుంది. మామూలుగా రాసిన కన్‌స్ట్రెయింట్ కింది హద్దు లాంటిది, అంతకన్నా పెద్దది ఎవరైనా అడిగితే పెద్దదే వస్తుంది. కచ్చితంగా ఇదే కావాలంటే స్ట్రిక్ట్‌లీ అని రాయాలి.

కుటుంబంగా విడుదలయ్యే లైబ్రరీలకి విడివిడిగా వెర్షన్లు రాయకూడదు. జేసన్ డేటాని చదివే లైబ్రరీ జాక్సన్‌లో కోర్, డేటాబైండ్, యానొటేషన్స్ కలిసి నడవాలి. 2.15లో కోర్‌కి స్ట్రీమ్‌రీడ్‌కన్‌స్ట్రెయింట్స్ అనే కొత్త క్లాసు వచ్చింది. డేటాబైండ్‌ని 2.15కి పెంచి, కోర్‌ని గొలుసు తెచ్చిన 2.14లో వదిలేస్తే ఆ క్లాసు దొరకదు. ఇలాంటివాటికి బిల్ ఆఫ్ మెటీరియల్స్, వాడుకలో బామ్ అంటారు, ఒకటి ఆ ప్రాజెక్టువాళ్లే ఇస్తారు. దాన్ని ఇంపోర్ట్ చేసుకుంటే కుటుంబమంతా ఒకే వెర్షన్‌కి వస్తుంది. రెండు బామ్‌లు ఒకే లైబ్రరీ గురించి చెబితే మేవెన్‌లో ముందు రాసినదే చెల్లుతుంది, మనం విడిగా రాసిన వెర్షన్ మాత్రం ఆ రెండింటి మీదా నెగ్గుతుంది.

బామ్ వరస ఎంత ముఖ్యమో 2021 డిసెంబరులో తేలింది. సీవీఈ-2021-44228, అంటే లాగ్4షెల్ అనే భద్రతా లోపం బయటపడ్డాక, ఆ లోపమున్న లాగింగ్ లైబ్రరీ లాగ్4జేకి 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 అని ఆ ఒక్క నెలలోనే 4 విడుదలలు వచ్చాయి. స్ప్రింగ్ బూట్ వాడేవాళ్లకి లాగ్4జే2.వెర్షన్ అనే ప్రాపర్టీ మారిస్తే చాలని అంతటా చెప్పుకున్నారు. స్ప్రింగ్ బూట్‌ని పేరెంట్ పామ్‌గా పెట్టుకున్న ప్రాజెక్టులకి అది నిజం. సొంత కంపెనీ పేరెంట్ ఉండి, స్ప్రింగ్ బూట్ బామ్‌ని ఇంపోర్ట్ స్కోప్‌తో తెచ్చుకున్నవాళ్లకి ఆ ప్రాపర్టీ ఏ పనీ చెయ్యదు, ఎర్రర్ కూడా రాదు. బెంగళూరులో పెద్ద కంపెనీల సెంటర్లలో ఎక్కువగా కనపడేది ఈ రెండో పద్ధతే. అక్కడ లాగ్4జే బామ్‌ని స్ప్రింగ్ బూట్ బామ్ కన్నా పైన రాయాలి. ప్రాపర్టీ మార్చి పని అయిపోయిందని టికెట్ మూసేసిన చోట పాత జార్ అలాగే ఉండిపోతుంది, జార్ తెరిచి చూడటం చివరి మెట్టుగా పెట్టింది అందుకే. ఇంకో సంగతి, స్ప్రింగ్ బూట్ మామూలుగా వాడేది లాగ్‌బ్యాక్ అనే ఇంకో లాగింగ్ లైబ్రరీని. దానితో లాగ్4జే ఏపీఐ జార్ వచ్చినా లోపమున్న కోర్ జార్ రాదు. ఈ తేడా తెలియక ఆ వారం అక్కర్లేని కంగారు పడ్డ టీములూ ఉన్నాయి.

ఎక్స్‌క్లూజన్ మీద ఇంత ఆధారపడటం ఎందుకు తప్పంటే, అది ఒక దారిని మాత్రమే మూస్తుంది. రిపోర్ట్ లైబ్రరీ నుంచి గువావాని తీసేస్తే, రేపు చేర్చే ఇంకో లైబ్రరీ దాన్ని మళ్లీ తెస్తుంది. అంతేకాదు, రిపోర్ట్ లైబ్రరీకి గువావా నిజంగా కావాలి. దాన్ని తీసేసి, ఇంకెవరో తెస్తారులే అన్న నమ్మకం మీద నడుపుతున్నాం. ఆ ఇంకెవరో ఒక విడుదలలో గువావాని మానేస్తే ఇక్కడ పడిపోతుంది. ఎందుకు పెట్టారో ఎక్కడా రాయని 40 ఎక్స్‌క్లూజన్లున్న పామ్‌ని సరిచేయడం కన్నా కొత్తగా రాసుకోవడమే సులువు.

అయితే ఎక్స్‌క్లూజన్ తప్ప దారిలేని చోటు ఒకటుంది. లైబ్రరీ పేరు మారినప్పుడు టూల్‌కి ఆ రెండూ ఒకటేనని తెలియదు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ బౌన్సీ కాసిల్ జార్ పేరు 1.70 దాకా జేడీకే15ఆన్‌తో ముగిసేది, 1.71 నుంచి జేడీకే18ఆన్ అయింది. లోపలి క్లాసుల పేర్లు అవే. గొలుసులో రెండూ వస్తే మేవెన్‌కి అవి రెండు వేరువేరు లైబ్రరీలు, రెండింటినీ పెడుతుంది. క్లాస్‌పాత్‌లో ముందున్నదే లోడవుతుంది. ఫోల్డర్ మొత్తాన్ని నక్షత్రం గుర్తుతో క్లాస్‌పాత్‌కి ఇస్తే జార్లు ఏ వరసలో వస్తాయన్నదానికి జావా ఏ హామీ ఇవ్వదు. కాబట్టి ఒక సర్వర్ మీద నడిచి పక్క సర్వర్ మీద పడిపోవచ్చు. ఇక్కడ పాత పేరుని ప్రతి దారిలో తీసేయాల్సిందే. కామన్స్ లాగింగ్, దాని బదులు వచ్చే, ఎస్ఎల్ఎఫ్4జే అనే లాగింగ్ ఏపీఐ వాళ్ల బ్రిడ్జి జార్ కూడా ఇలాంటి జంటే. గ్రేడిల్‌లో ఇవి రెండూ ఒకే కేపబిలిటీ అని చెబితే రెండూ కలిసి వచ్చినప్పుడు బిల్డ్ అక్కడే ఆగుతుంది, ఇది చాలా మంచి ఏర్పాటు.

గువావావాళ్లు ఇదే సమస్యను ఇంకోలా దాటారు. లిజనబుల్‌ఫ్యూచర్ అనే ఒక్క క్లాసుని విడి జార్‌గా 1.0 వెర్షన్‌తో విడుదల చేశారు. అదే క్లాసు గువావాలోనూ ఉంది. రెండూ ఢీకొనకుండా 9999.0 వెర్షన్‌తో ఒక ఖాళీ జార్ పెట్టి, గువావా 27 నుంచి దాన్ని డిపెండెన్సీగా చేర్చారు. పెద్ద వెర్షన్ నెగ్గే గ్రేడిల్‌లో ఖాళీ జార్ నెగ్గి గొడవ తీరుతుంది. ట్రీలో 9999 చూసి ఎవరో ఏదో దూర్చారని కంగారుపడనక్కర్లేదు.

ఎర్రర్ కూడా రాని సందర్భం ఇంకా కష్టం. ఎస్ఎల్ఎఫ్4జే 2.0 నుంచి లాగింగ్ లైబ్రరీని వెతికే పద్ధతే మారింది. గొలుసులో ఎవరో ఏపీఐని 2.0కి లాగి, లాగ్‌బ్యాక్ 1.2లోనే ఉండిపోతే, ప్రొవైడర్లు ఎవరూ దొరకలేదని మొదట్లో ఒక లైను రాసి, ఆపైన లాగులన్నీ మౌనంగా పారేస్తుంది. సర్వీస్ బాగానే నడుస్తుంది. లాగులు లేవన్న సంగతి ఇంకేదో పాడై, లాగు అవసరమైన రోజునే తెలుస్తుంది. లాగ్‌బ్యాక్ 1.2కి ఎస్ఎల్ఎఫ్4జే 1.7, లాగ్‌బ్యాక్ 1.4కి 2.0 జత. ఈ రెండింటినీ కలిపే కదపాలి.

పంచుకునే లైబ్రరీల బాధ్యత

బెళ్లందూరులో కూర్చునే ప్లాట్‌ఫామ్ టీము కామన్ లైబ్రరీ రాస్తుంది, వైట్‌ఫీల్డ్‌లో పది టీములు దాన్ని వాడతాయి. ఈ అమరికలో ఒక అపోహ బలంగా ఉంది. ప్లాట్‌ఫామ్ టీము తన పామ్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ రాసి, లోతులో ఉన్న వెర్షన్‌ని సరిచేసి, ఇక అందరికీ సరిపోయిందనుకుంటుంది. మేవెన్ 3లో ఆ సవరణ వాళ్ల సొంత బిల్డ్‌కే వర్తిస్తుంది. వాడుకునే టీముల గొలుసులో లోతు డిపెండెన్సీలకి అది చేరదు. చేరాలంటే ప్లాట్‌ఫామ్ టీము ఒక బామ్ విడుదల చెయ్యాలి, మిగతావాళ్లు దాన్ని ఇంపోర్ట్ చేసుకోవాలి. గ్రేడిల్ మాడ్యూల్ మెటాడేటాతో ప్రచురించిన కన్‌స్ట్రెయింట్లు మాత్రం గ్రేడిల్ వాడేవాళ్లకి చేరతాయి. గ్రేడిల్‌లో బామ్ వెర్షన్లను బలవంతంగా అమలుచేసే ఎన్‌ఫోర్స్‌డ్ ప్లాట్‌ఫామ్‌ని లైబ్రరీలో పెట్టకూడదు. అదీ వాడేవాళ్లకి చేరి, వాళ్ల నిర్ణయాలను తొక్కేస్తుంది.

లైబ్రరీ రాసేవాళ్లు తమ గొలుసులో ఎంత భాగాన్ని బయటికి చూపిస్తున్నారో కూడా చూసుకోవాలి. గ్రేడిల్‌లో ఏపీఐ, ఇంప్లిమెంటేషన్ అని రెండు విభాగాలున్నాయి. ఒక లైబ్రరీలోని టైపు మన పబ్లిక్ మెథడ్ సంతకంలో కనపడితే ఏపీఐ, లోపలే వాడితే ఇంప్లిమెంటేషన్. అన్నిటినీ ఏపీఐలో పెడితే వాడేవాళ్ల కోడ్ మనకి తెలియకుండానే మన లోపలి లైబ్రరీలను పిలవడం మొదలుపెడుతుంది. రేపు మనం ఆ లైబ్రరీని మానేస్తే వాళ్ల బిల్డ్ పగులుతుంది. మేవెన్‌లో ఈ విభజన లేదు, కంపైల్ స్కోప్ ఉన్నదంతా బయటికి పోతుంది. అందుకే అక్కడ వాడేవాళ్ల వైపు క్రమశిక్షణ కావాలి. కోడ్‌లో ఇంపోర్ట్ లైను ఉంటే ఆ లైబ్రరీ పామ్‌లో ఉండాలి, ఎవరి వెంటో వస్తోంది కదా అని వదలకూడదు. డిపెండెన్సీ ప్లగిన్ ఎనలైజ్ గోల్ "వాడుతున్నారు కానీ రాయలేదు" అనే జాబితా ఇస్తుంది. అది వరసగా తీర్చాలి. "రాశారు కానీ వాడట్లేదు" అనే జాబితాని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. అది బైట్‌కోడ్‌లో కనపడే పిలుపులే చూస్తుంది, రన్‌టైమ్‌లో పేరుతో లోడయ్యే డేటాబేస్ డ్రైవర్లు దానికి కనపడవు.

వెర్షన్ దగ్గర రేంజ్ రాయడం, గ్రేడిల్‌లో ప్లస్ గుర్తు పెట్టడం మానెయ్యాలి. ప్లస్ గుర్తుతో తేలిన వెర్షన్‌ని గ్రేడిల్ 24 గంటలు గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాత మళ్లీ వెతుకుతుంది. ఒకరి లాప్‌టాప్‌లో ఆడి పక్కవాళ్ల దగ్గర ఆడకపోవడానికి ఇది చాలు. తప్పదంటే తేలిన వెర్షన్లను రాసి ఉంచే లాక్ ఫైల్ పెట్టాలి. రిపోజిటరీల సంగతీ చూసుకోవాలి. మేవెన్‌లో డిపెండెన్సీ పామ్‌లో రాసిన రిపోజిటరీలలో కూడా వెతుకుతుంది, అంటే ఎక్కడి నుంచి దించాలో కూడా గొలుసే చెప్పగలదు. సెట్టింగ్స్ ఫైల్‌లో మిర్రర్‌కి నక్షత్రం గుర్తు పెట్టి అంతా కంపెనీ సొంత రిపోజిటరీ (నెక్సస్ లేదా ఆర్టిఫ్యాక్టరీ) మీదుగానే వచ్చేలా చేస్తే ఆ దారి మూసుకుంటుంది. గ్రేడిల్ ఆ రిపోజిటరీ లైన్లను పట్టించుకోదు.

సీఐలో (ప్రతి మార్పుకీ బిల్డ్ దానంతటదే నడిచే చోట) ఏం పెట్టాలి

పాత మేవెన్ ప్రాజెక్టులో బిల్డ్ నియమాలను తనిఖీ చేసే ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌ని చేర్చి, డిపెండెన్సీ కన్వర్జెన్స్ రూల్‌ని ఒకేసారి ఆన్ చేస్తే తప్పుల జాబితా చూసి ఎవరైనా ఆ రూల్‌ని తీసేస్తారు. గొలుసులో ఏ రెండు వెర్షన్లు తేడాగా ఉన్నా అది ఒప్పుకోదు. రిక్వైర్ అప్పర్ బౌండ్ డెప్స్ అనే రూల్‌తో మొదలుపెట్టడం ఆచరణలో నిలుస్తుంది. ఎంచిన వెర్షన్, గొలుసులో ఎవరో అడిగినదాని కన్నా చిన్నదైతేనే అది ఆపుతుంది. అంటే మేవెన్ దూరం నియమంతో వచ్చే ముఖ్యమైన ప్రమాదాన్నే, అదొక్కదాన్నే పట్టుకుంటుంది. పై గువావా కథ ఈ రూల్ ఉంటే బిల్డ్‌లోనే ఆగిపోయేది. ఒకే క్లాసు రెండు జార్లలో ఉంటే ఆపే రూల్ కూడా ఉంది, అది ఎక్స్‌ట్రా ఎన్‌ఫోర్సర్ రూల్స్ అనే విడి ప్యాకేజీలో దొరుకుతుంది.

దీనికన్నా చవకైనది, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది ఇంకోటి ఉంది: రన్‌టైమ్ జార్ల జాబితాని పేరు వరసలో ఒక ఫైల్‌గా రిపోజిటరీలోనే ఉంచడం. సీఐ ప్రతిసారీ ఆ జాబితాని మళ్లీ తీసి పోలుస్తుంది, తేడా ఉంటే బిల్డ్ ఆపుతుంది. అప్పుడు పామ్‌లో ఒక్క లైను మార్చినా, దాని వల్ల మారిన 12 జార్లూ కోడ్ రివ్యూలో పక్కపక్కనే కనపడతాయి. గ్రేడిల్ లాక్ ఫైల్ ఈ పనీ చేసిపెడుతుంది.

జాబితా చేతిలో ఉండటం ఇప్పుడు టీము సొంత సౌకర్యం మాత్రమే కాదు. సైబర్ సంఘటనను గుర్తించిన 6 గంటల్లోపు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్ (పైన చెప్పిన బామ్ కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న భాగాల జాబితా) గురించి అదే సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది, తన పరిధిలోని సంస్థలకి సెబీ కూడా ఆ ఏడాది సైబర్ ఫ్రేమ్‌వర్క్‌లో దాన్ని చేర్చింది. లాగ్4షెల్ సమయంలో గూగుల్ బృందం మేవెన్ సెంట్రల్‌ని పరిశీలిస్తే, ప్రభావితమైన ప్యాకేజీల్లో 80 శాతానికి పైగా వాటిలో ఆ లోపం ఒక అంచె కన్నా లోతులో ఉంది. పామ్ చదివి జవాబు చెప్పేవాళ్లకి అది దొరకదు. సైక్లోన్‌డీఎక్స్ ప్లగిన్ చేర్చితే ప్రతి బిల్డ్‌కీ ఆ జాబితా తయారవుతుంది. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి: షేడ్ ప్లగిన్‌తో ప్యాకేజీ పేరు మార్చి లోపల కలిపేసిన లైబ్రరీలు ఈ జాబితాల్లోంచి తప్పిపోవచ్చు. ఢీకొనే వెర్షన్లకి షేడింగ్ ఆఖరి మందుగా పనికొస్తుంది, కానీ లోపల ఏ వెర్షన్ కలిపారో బయట రాసిపెట్టకపోతే ఆ లైబ్రరీలో లోపం బయటపడిన రోజు ఎవరికీ గుర్తుకురాదు.

కట్టేసిన ప్రతి వెర్షన్ పక్కనా ఎందుకు కట్టారో, ఏ లైబ్రరీ ఏ విడుదలకి వస్తే తీసేయవచ్చో రెండు ముక్కలు రాయాలి. మేవెన్‌లో అది కామెంట్, గ్రేడిల్‌లో బికాజ్. నెలకోసారి ఒకరు ఆ జాబితా పట్టుకుని, కారణం తీరినవి తీసేసి, ట్రీ మళ్లీ నడిపి, మారినవి రివ్యూకి పంపాలి. ఇరవై కట్లున్న ప్రాజెక్టుకి ఇది ఒక పూట పని.